మనోవికాస్ నగర్ నుంచి మన్ననూరు దాకా: ప్రత్యేక ఉపాధ్యాయుల, స్పీచ్ థెరపిస్టుల చదువు

దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకుందాం. అమ్మ, నీళ్లు, బువ్వ తప్ప మరో మాట పలకడు. పిలిస్తే ఒకసారి తిరిగి చూస్తాడు, ఇంకోసారి చూడడు. వాళ్ల నాయినకు గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినయని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. చెవి డాక్టరుకు చూపించమని ఆర్‌ఎంపీ, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పేరు రాయించమని అంగన్‌వాడీ టీచరు, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకుపొమ్మని పంచాయతీ కార్యదర్శి తలా ఒక దారి చూపిస్తారు. వీటన్నిటి మధ్య ఆ తల్లి అడిగేది ఒక్కటే: "వీనికి మాటలు నేర్పేటోళ్లు ఎవరు సారూ, స్పెషల్ టీచరా, స్పీచ్ డాక్టరా?" ఆ ఇద్దరూ ఏం చదువుకుని వస్తారో, ఒకరి పని ఎక్కడ ఆగి మరొకరి పని ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగినవాళ్లు మన జిల్లాల్లో, చదువుకున్నవాళ్లలో కూడా, తక్కువే.

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. స్పీచ్ థెరపిస్టు డాక్టరు కాడు, ఉపాధ్యాయుడూ కాడు. వినికిడిని కొలవడం, మాట రాకపోవడానికి కారణం చెవిలో ఉందా, నాలుక, పెదవులు, అంగిలి కదలికలో ఉందా, మెదడు భాషను అల్లుకునే తీరులో ఉందా అని తేల్చడం, తేలిన దానికి తగిన సాధన చేయించడం అతని పని. నత్తి, అంగిలి చీలిక, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవారు, ముద్ద మింగలేని రోగులు, రోజంతా అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న బడిపంతుళ్లు, వీరందరూ అతని దగ్గరికి రావలసినవారే. (పెదవి, అంగిలి చీలికలను మనం గ్రహణం మొర్రి అంటాం. తప్పంతా చంద్రుడి మీదికో, ఆ రాత్రి కత్తిపీట పట్టుకున్న తల్లి మీదికో నెట్టడం ఆ పేరులోనే ఉంది.) ప్రత్యేక ఉపాధ్యాయుడి పని వేరు. లోపం ఏమిటో తేలిన తర్వాత, దాంతోపాటే ఆ పిల్లవాడు అక్షరాలు, లెక్కలు, బట్టలు తొడుక్కోవడం, బస్సు నంబరు గుర్తుపట్టడం, నలుగురితో కూర్చుని పాఠం వినడం ఎలా నేర్చుకోవాలో పథకం వేసి నేర్పేది అతనే. ఆ పథకాన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. తరగతికంతా ఒకే పాఠ్యప్రణాళిక వేసే మామూలు బీఎడ్‌కు, పిల్లవాడికొక ప్రణాళిక వేసే స్పెషల్ బీఎడ్‌కు అసలైన తేడా అక్కడే ఉంది.

చదువుల దారులు మొదటి మెట్టు నుంచే విడిపోతాయి. స్పీచ్ థెరపిస్టు కావాలంటే ఇంటర్‌లో సైన్సు గ్రూపు చదివి, ఆడియాలజీ (వినికిడి శాస్త్రం), స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ (మాట, భాష లోపాల శాస్త్రం) కలిసిన బీఏఎస్‌ఎల్‌పీ అనే డిగ్రీలో చేరాలి. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగేళ్లు. శరీర నిర్మాణం, నాడీ వ్యవస్థ, ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, గణాంకాలు చదువుతూనే ఆడియోమీటరుతో వినికిడి కొలవడం, మాట్లాడలేని పసిపిల్లల చెవి నుంచి, మెదడుకు వెళ్లే నాడి నుంచి నేరుగా స్పందన చూసే పరీక్షలు చేయడం, చెవి యంత్రం అమర్చడం నేర్చుకోవాలి. ఆ పైన ఎమ్మెస్సీలో ఆడియాలజీ ఒక దారి, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ మరో దారి. ప్రత్యేక ఉపాధ్యాయుడి చదువు ఇలా కాదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల స్పెషల్ డీఎడ్, లేదా ఏ డిగ్రీ అయినా చదివాక రెండేళ్ల స్పెషల్ బీఎడ్, ఆ పైన ఎంఎడ్. సైన్సు గ్రూపు నిబంధన లేదు. ఉద్యోగం చేసుకుంటూ, ఊరు వదలకుండా చదువుకునేవారికి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్పెషల్ బీఎడ్‌ను దూరవిద్యలో నడుపుతోంది. ఆడియోమీటరు, సౌండ్‌ప్రూఫ్ గది, రోగులు లేకుండా బీఏఎస్‌ఎల్‌పీ నేర్పడం కుదరదు కాబట్టి దానికి దూరవిద్య దారి లేదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో స్పెషల్ డీఎడ్, బీఎడ్ చదివినవారు అంతో ఇంతో కనిపిస్తూ, స్పీచ్ థెరపిస్టు మాత్రం వెతికినా దొరకకపోవడానికి సగం కారణం ఈ ఒక్క తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఈ రెండు చదువులకూ తలకాయ ఒక్కటే. 1992లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం భారత పునరావాస మండలి 1993 జూన్‌లో చట్టబద్ధ సంస్థ అయింది. ప్రత్యేక ఉపాధ్యాయులు, ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు మొదలు చెవి అచ్చులు తయారుచేసే టెక్నీషియన్ల వరకు 16 రకాల నిపుణులు దీని కిందికి వస్తారు. కోర్సుకు అనుమతి ఇచ్చేది, పాఠ్యప్రణాళిక రాసేది, చదువు పూర్తయినవారి పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులోకి ఎక్కించేది ఈ మండలే. ఆ రిజిస్టరులో పేరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టం చెబుతోంది. వెయ్యి రూపాయలంటే పట్టణంలో ఒకటి రెండు థెరపీ సిటింగుల ఫీజు. ఆ జరిమానాకు భయపడి ఎవరైనా బోర్డు దించుకుంటారని అనుకోలేం.

చిక్కు ఇక్కడి నుంచి ముదురుతుంది. పునరావాస మండలి కేంద్ర సామాజిక న్యాయ శాఖ కిందిది. మామూలు డీఎడ్, బీఎడ్‌లను నడిపించే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి విద్యాశాఖది. పుట్టిన పిల్లలను పరీక్షించి లోపాలు గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైనది, ఆరోగ్యశాఖది. జిల్లా ఆసుపత్రుల్లో ఉండవలసిన సత్వర చికిత్సా కేంద్రాలు కూడా ఆ శాఖవే. భవిత కేంద్రాలు మళ్లీ సమగ్ర శిక్షా కింద విద్యాశాఖలో ఉన్నాయి. దేవరకొండ పిల్లవాడు ఒక్కడే. అతని చెవి ఒక శాఖకు, బడి మరో శాఖకు, అతనికి నేర్పేవాడి సర్టిఫికెట్ మూడో శాఖకు చెందుతాయి. 2020 జాతీయ విద్యావిధానం ఉపాధ్యాయ విద్యా మండలి, పునరావాస మండలి పాఠ్యప్రణాళికల మధ్య సమన్వయం ఉండాలని రాసింది. ఒక కాగితంలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటేనే ఇన్నాళ్లూ ఎలా సాగిందో అర్థం చేసుకోవచ్చు.

దీనికంటే లోతైన ఇబ్బంది ఒకటి ఉంది. దాని గురించి చర్చ తక్కువ కాబట్టి కాస్త నిలబడి చూడాలి. స్పెషల్ బీఎడ్ అనేది ఒక కోర్సు కాదు. వినికిడి లోపం, దృష్టి లోపం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, ఆటిజం, ఇలా ఏదో ఒక విభాగం ఎంచుకుని చేరాలి. దృష్టి లోపం తీసుకున్నవారు బ్రెయిలీలో ఆరితేరతారు. వినికిడి తీసుకున్నవారు చెవి యంత్రం, పెదవుల కదలిక, సంజ్ఞాభాష నేర్చుకుంటారు. మేధో వైకల్యం తీసుకున్నవారు ఒక పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి నేర్పే పద్ధతిని సాధన చేస్తారు. మిగతా వైకల్యాల గురించి పరిచయ పాఠాలు ఉంటాయి, అంతవరకే. ప్రత్యేక పాఠశాలలకు ఈ ఏర్పాటు సరిపోయేది, ఎందుకంటే చెవిటి పిల్లల బడికి చెవిటి పిల్లలే వస్తారు. మండల కేంద్రంలో ఉండే భవిత కేంద్రానికి అలా కాదు. అక్కడ పనిచేసే ఐఈఆర్పీ (సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్) ఎదుట ఒకే పూట మస్తిష్క పక్షవాతం ఉన్న పాప, చూపు తక్కువ ఉన్న పిల్లవాడు, మాట రాని పిల్లవాడు కూర్చుంటారు. వారంలో కొన్ని రోజులు మంచం దిగలేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్లాలి. మేధో వైకల్యంలో శిక్షణ పొందిన మనిషి బ్రెయిలీ పలకను ఎలా పట్టుకోవాలో పుస్తకంలో చూసుకుని నేర్పవలసి వస్తుంది. తప్పు ఆ మనిషిది కాదు. ఒక్క వైకల్యంలో పట్టా ఇచ్చి, అన్ని వైకల్యాల బాధ్యతను ఒప్పజెప్పే ఏర్పాటుది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, అభ్యసన వైకల్యం, వాక్ భాషా వైకల్యం ఆ జాబితాలోకి వచ్చాయి. అయితే వాక్ భాషా వైకల్యాన్ని నిర్వచించిన తీరు గమనించదగినది. స్వరపేటిక తొలగించడం వల్లనో, మెదడు దెబ్బతిని మాట పడిపోవడం వల్లనో ఏర్పడిన శాశ్వత వైకల్యమనే అర్థంలోనే చట్టం దాన్ని చూస్తుంది. అంటే దేవరకొండ పిల్లవాడిలాంటి వాడి చెవులు బాగున్నాయని తేలి, కేవలం మాట ఆలస్యమైతే, సాధారణంగా అతనికి సదరం సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాకపోతే పింఛను ఉండదు, అది వేరే సంగతి. కానీ మన దగ్గర సర్టిఫికెట్ లేనిదే సమస్య కూడా లేదనే నమ్మకం బలంగా పాతుకుపోయింది. నల్లగొండ జిల్లాకు దీనికి తోడు ఒక చరిత్ర ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు వంచిన ఎముకలను చూసిన కళ్లకు వైకల్యమంటే వంకర కాళ్లే, వంగిన నడుమే. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచం నల్లగొండ పేరే పెట్టుకుంది. అలా కంటికి కనిపించే వైకల్యం ముందు చెవిలోనో మెదడులోనో దాగిన లోపం చాలాకాలం 'మొండితనం' అనో 'మందబుద్ధి' అనో చలామణీ అయింది.

ఈ చదువులు మనకు ఎక్కడ దొరుకుతాయి? సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్ ఈ రంగానికి తెలుగువారి గుండెకాయ లాంటిది. 1984లో అక్కడ జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది, ఇప్పుడు దాన్ని మేధో దివ్యాంగుల సాధికారతా సంస్థ అంటున్నారు. పిల్లవాడికి ఏ పని ఎంతవరకు వచ్చో కొలిచి దాని మీద బోధన కట్టుకునే పట్టికలు ఈ సంస్థలో తయారై దేశమంతా వాడుకలోకి వచ్చాయి. అదే ప్రాంగణంలో ముంబయి కేంద్రంగా ఉన్న అలీ యావర్ జంగ్ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదీయే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశాడు. ఈ రెండు సంస్థల డిగ్రీలు ఉస్మానియా పేరు మీదే వస్తాయి. అటు కర్ణాటకలో 1965లో మొదలైన మైసూరు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు పుట్టిల్లు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు. చదువుకునే విద్యార్థికి అది పెద్ద దూరం కాదు. వారానికి రెండుసార్లు థెరపీకి పిల్లవాడిని ఎత్తుకుని రావలసిన కూలి తల్లికి, అందులోనూ కొల్లాపూర్, గద్వాల వంటి మరింత దూరపు ఊళ్లవారికి, అది రోజు కూలి, బస్సు ఛార్జీ, ఇంటి దగ్గర వదిలి వచ్చిన ఇంకో పిల్ల.

చదువంతా నగరంలో జరగడం వల్ల భాషకు సంబంధించిన నష్టం ఒకటి ఉంది, అది దూరం కంటే పెద్దది. స్పీచ్ థెరపీ విద్యార్థి పరీక్ష బొమ్మలు చూపించి పిల్లవాడి చేత పేర్లు చెప్పిస్తాడు. చొక్కా బొమ్మ చూసి పాలమూరు పిల్లవాడు 'అంగి' అంటాడు. కాయితం మీద రాసుకున్న జవాబు 'చొక్కా'. 'వచ్చాడు' అనవలసిన చోట 'వచ్చిండు' అంటాడు. ఇది లోపం కాదు, వాళ్ల అమ్మ మాట్లాడే భాష. అదే పిల్లవాడు నాలుగేళ్లు దాటినా 'పాలు'ను 'తాలు' అంటుంటే ఆలోచించాలి, ఎందుకంటే ప, బ, మ వంటి పెదవుల ధ్వనులు అన్నిటికంటే ముందు పట్టుబడతాయి. 'రాముడు'ను 'లాముడు' అంటే ఇంకొంత కాలం వేచి చూడవచ్చు, రకారం తెలుగు పిల్లలకు ఆలస్యంగా పట్టుబడే ధ్వని. ఏది యాస, ఏది వయసు, ఏది లోపం అని విడదీయగలగడమే ఈ చదువులో సారం. తెలుగు పుస్తక భాషలోనూ, పాఠాలు ఇంగ్లిషులోనూ నేర్చుకున్న విద్యార్థికి నాగర్‌కర్నూలు తండాలో లంబాడీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పాప తెలుగులో తడబడితే, ఆ తడబాటు రెండో భాషదా, లోపానిదా అని తేల్చడం కష్టం. సరైన పద్ధతి ప్రకారం ఆ పాపను లంబాడీలో కూడా పరీక్షించాలి. నారాయణపేట అంచున ఉన్న కన్నడ ఇళ్లు, మహబూబ్‌నగర్ పాతబస్తీలో ఉర్దూ ఇళ్లు, మన్ననూరు చుట్టూ పెంటలనే చెంచు గూడేలు, ఇవన్నీ కలిస్తేనే మన ప్రాంతం. పైగా పనికోసం ముంబయి, పుణె వెళ్లి వచ్చే కుటుంబాల పిల్లలు మూడో భాష కూడా చెవిన వేసుకుని తిరిగి వస్తారు. పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. లోపం లేని పిల్లను లోపం ఉన్నదానిగా రాయడం ఒకటి. లోపం ఉన్న పిల్లను 'తండా పిల్ల గదా, తెలుగు రాదు' అని వదిలేయడం రెండోది. మా వైపు రెండోదే ఎక్కువని నేను చూసినంతలో అనిపిస్తుంది.

చదవడంలో ఇబ్బందులను కూడా ఇలాగే తెలుగు కళ్లతో చూడాలి. ఇంగ్లిషులో ఒకే అక్షరం నాలుగు తీరుల పలకడం వల్ల వచ్చే తప్పులు వేరు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి తప్పులు గుణింతం గుర్తుల్లో, దీర్ఘాల్లో, ఒత్తు ఏ అక్షరం కింద పడాలో తేల్చుకోవడంలో బయటపడతాయి. 'కుక్క'ను 'కుక' అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా రాశాడా, ఆ జంట ధ్వనిని వినలేకపోయాడా, విన్నా గుర్తులోకి మార్చలేకపోయాడా అన్న ప్రశ్నకు జవాబు ప్రత్యేక ఉపాధ్యాయుడు, స్పీచ్ థెరపిస్టు పక్కపక్కన కూర్చుంటేనే తేలుతుంది. ఈ ఇద్దరి చదువుల్లో కలిసి ఒక పిల్లవాడిని చూసే సాధన గంటలు ఎన్ని అని అడిగితే ఇబ్బందికరమైన మౌనం ఎదురవుతుంది. ఒకరి లాగ్‌బుక్కు క్లినిక్‌లో నిండుతుంది, మరొకరి పాఠ్యప్రణాళికల ఫైలు బడిలో నిండుతుంది.

ఉద్యోగాల సంగతి చూస్తే ఈ వేరుపాటు ఇంకా స్పష్టమవుతుంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై స్థాయిలో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పవలసి వచ్చింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటించిన 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు చూపించారు. ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతిలో తక్కువ జీతానికి పనిచేసిన ఐఈఆర్పీల నేపథ్యంలో ఇది చిన్న అడుగేమీ కాదు. స్పీచ్ థెరపిస్టుకు మాత్రం ఆ డీఎస్సీలో వరుసే లేదు. మన దేశంలో అతని చోటు ఆసుపత్రి, ప్రైవేటు క్లినిక్. అమెరికాలో ఈ వృత్తివారిలో సగానికి పైగా బడుల్లోనే పనిచేస్తారు. అక్కడ 1975 నాటి చట్టం వైకల్యం ఉన్న పిల్లవాడికి కావలసిన థెరపీని కూడా బడి బాధ్యతగా చేసింది. ఆ వృత్తికి కనీస అర్హత కూడా అక్కడ మాస్టర్స్ డిగ్రీ. మనం అర్హతను అంత పెంచాలని నేననను, ఉన్న నాలుగేళ్ల చదువుకే మనుషులు చాలడం లేదు. బడిని కూడా థెరపీ జరిగే చోటుగా లెక్కపెట్టడం మాత్రం అక్కడి నుంచి నేర్చుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో మూడు నెలలు భవిత కేంద్రంలో గడపాలని విశ్వవిద్యాలయం నిబంధన పెడితే కొత్త పోస్టుల కోసం ఎదురుచూడకుండానే కొంత పని జరుగుతుంది. పర్యవేక్షించే అధ్యాపకుడు వారానికోసారి బస్సెక్కి రావాలి. అడ్డంకి బహుశా అక్కడే ఉంది.

ఈ చదువులో చేరాలనుకునే ఇంటర్ విద్యార్థులకు ఒక జాగ్రత్త చెప్పాలి. కాలేజీ గోడ మీది బోర్డును నమ్మవద్దు. పునరావాస మండలి అనుమతి కోర్సుకు, నిర్ణీత కాలానికి ఇస్తారు, ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఉండేది కాదు. చేరే ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో మండలి వెబ్‌సైటులో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. అనుమతి లేని కోర్సు చదివితే రిజిస్టరులో పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే డీఎస్సీకీ పనికిరాదు, క్లినిక్‌కూ పనికిరాదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. మొదట వెళ్లవలసింది ఆడియాలజిస్టు దగ్గరికి, ఎందుకంటే వినికిడి సంగతి తేలకుండా మిగతాదంతా ఊహే. నెల లోపు చెవి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ ఇళ్లలో ఇంకా తొందరపడాలి. లోపం ఉందని తేలితే చెవి యంత్రమో, ఆపరేషనుతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో పెట్టి స్పీచ్ థెరపిస్టు నెలల తరబడి వినడం, పలకడం సాధన చేయించాలి. ఆపరేషనుతో పని అయిపోయిందనుకుని థెరపీ మానేసిన ఇళ్లలో ఆ యంత్రం పెట్టెలోనే ఉండిపోతుంది. ప్రత్యేక ఉపాధ్యాయుడు ఆ తర్వాత కాదు, మొదటి నెల నుంచే పక్కన ఉండాలి. వారానికి ఒకటి రెండుసార్లు థెరపీలో నేర్చుకున్న మాటను మిగతా రోజులు ఇంట్లో, బడిలో వాడించేది అతనే.

నాలుగేళ్లు దాటిన దేవరకొండ పిల్లవాడికి ఆ నెలల లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఇవాళ సైన్సు గ్రూపుతో ఇంటర్ పాసైన అమ్మాయి ఒకరు ఈ జూన్‌లో బీఏఎస్‌ఎల్‌పీలో చేరి, ఇంటర్న్‌షిప్ ముగించి, రిజిస్టరులో పేరు ఎక్కించుకుని సొంత ఊరికి తిరిగి వచ్చేసరికి అతనికి ఎనిమిదేళ్లు నిండుతాయి. అప్పటికి అతను మూడో తరగతిలో ఉండాలి.